150 గ్రెయినా, 180 గ్రెయినా: టెక్సస్‌లో మొదటిసారి దుప్పి వేటకు వెళ్ళే తమ్ముడికి

ప్రశ్న: మాది వింజమూరు దగ్గర పల్లె. శాన్ ఆంటోనియోలో హెచ్‌-1బీ మీద ఉద్యోగం చేస్తున్నాను. నవంబర్‌లో మా ఆఫీసులో పనిచేసే అమెరికన్ ఫ్రెండ్ వాళ్ళ భూమిలోకి దుప్పి వేటకు రమ్మన్నాడు. అతని దగ్గర .243, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అని రెండు రైఫిళ్ళు ఉన్నాయి, ఏది కావాలంటే అది ఇస్తానన్నాడు. సొంతంగా కొనుక్కోవాలంటే .308 అని ఒకరు, 6.5 క్రీడ్‌మూర్ అని ఇంకొకరు చెబుతున్నారు. గుండు బరువు 150 గ్రెయిన్లు చాలని కొందరు, 180 ఉండాలని కొందరు. తెచ్చిన మాంసం ఇంట్లో నేను, మా ఆవిడ, రెండేళ్ళ పాప అందరం తింటాం. పెద్ద గుండు అయితే ఎక్కడ తగిలినా పడిపోతుంది కదా అన్నా?

తమ్ముడూ, నీ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. ఎక్కడ తగిలినా పడిపోదు. పాతికేళ్ళ కిందట నేనూ నీలాగే అనుకున్నాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నాది కలిగిరి. టెక్సస్‌లో ఉన్నన్నాళ్ళూ 20కి పైగా సీజన్లు దుప్పి వేటకు వెళ్ళాను. ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నాను.

రైఫిల్ సంగతి తర్వాత, ముందు నీ వీసా సంగతి. హెచ్‌-1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. నీకు పనికొచ్చేది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉండటం. కాబట్టి కొనడానికే కాదు, ఫ్రెండ్ రైఫిల్‌ను రేంజ్‌లో (గురి సాధన చేసే చోట) చేత్తో పట్టుకోవాలన్నా ముందు లైసెన్స్ తీసుకో. టెక్సస్‌లో లైసెన్స్ సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31 వరకు. గడువు అయిపోయిన లైసెన్స్ జేబులో ఉన్నా లేనట్టే. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి. ఆన్‌లైన్‌లో చేయొచ్చు. ఏదో మొక్కుబడిగా క్లిక్ చేసుకుంటూ పోవద్దు, అందులో చెప్పేవి ప్రాణాలకు సంబంధించిన సంగతులు.

ఇప్పుడు నా సంగతి విను. నా మొదటి సీజన్‌లో నాకూ ఒకాయన .300 విన్ మాగ్నమ్ ఇచ్చాడు, 180 గ్రెయిన్ తూటాలతో. ముందురోజు రేంజ్‌లో మూడు తూటాలు పేల్చేసరికి భుజం కమిలిపోయింది. నాలుగోది పేల్చాలంటే మనసు రాలేదు. "రేపు ఒక్కటే కదా, ఫరవాలేదు" అనుకున్నాను. మర్నాడు పొద్దున ల్యానో కౌంటీలో, 90 గజాల దూరంలో మగ దుప్పి అడ్డంగా నిలబడింది. అంతకంటే సులువైన గురి ఉండదు. కానీ ట్రిగ్గర్ లాగే ముందే నా ఒళ్ళు రైఫిల్ వెనక్కి తన్నే తన్నుకు సిద్ధమైపోయింది. కళ్ళు మూసుకున్నాను, చెయ్యి గుంజుకుంది. గుండు పొట్టలో తగిలింది. దుప్పి వీపు వంచి, తోక దించి, పొదల్లోకి వెళ్ళిపోయింది. చీకటి పడేదాకా వెతికాం, దొరకలేదు. రెండు రోజుల తర్వాత భూమి యజమాని ఫోన్ చేసి, వాగు పక్కన రాబందులు తిరుగుతున్నాయని చెప్పాడు.

ఆ దుప్పి ఎంతసేపు బాధపడిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు బాగుండదు. ఆ రైఫిల్‌లో లోపం లేదు. గొట్టం నుంచి బయటికి వచ్చేటప్పుడు ఆ గుండుకు దాదాపు 3,500 ఫుట్ పౌండ్ల శక్తి ఉంటుంది. దుప్పికి కావలసిన దానికంటే అది చాలా ఎక్కువ. అంత శక్తి కూడా పొట్టలో తగిలితే దాన్ని అక్కడికక్కడ పడగొట్టలేకపోయింది. అదే, సగం శక్తి ఉన్న గుండు ఊపిరితిత్తుల్లో తగిలి ఉంటే, అది 50, 60 గజాలు పరిగెత్తి పడిపోయేది, అంతా పది పదిహేను సెకన్లలో అయిపోయేది.

అందుకే నన్నడిగితే రైఫిల్ ఎంపికలో మొదటి ప్రశ్న దుప్పి గురించి కాదు, నీ భుజం గురించి. నువ్వు భయపడకుండా ఎంత తన్ను తట్టుకోగలవు? ఎనిమిది పౌండ్ల రైఫిల్ అయితే .243 తన్ను సుమారు 10 ఫుట్ పౌండ్లు. 6.5 క్రీడ్‌మూర్, 7 ఎంఎం-08 పన్నెండు, పదమూడు. .308 పదహారు దాకా. .30-06 అయితే 18 నుంచి 20. .300 మాగ్నమ్ 25 దాటుతుంది. కొత్తవాళ్ళలో చాలామందికి పదిహేను దాటిన దగ్గర నుంచి కళ్ళు మూసుకోవడం మొదలవుతుంది. లావుగా, బలంగా ఉన్నవాళ్ళకు ఇది రాదనుకోకు. అది బలానికి సంబంధించింది కాదు, చప్పుడుకూ దెబ్బకూ ఒళ్ళు నేర్చుకునే అలవాటు. ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నీకు ఆ అలవాటు ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. రేంజ్‌లో నీ ఫ్రెండ్‌ను తూటాలు ఎక్కించమను. మధ్యమధ్య నీకు తెలియకుండా ఒక డమ్మీ తూటా (పేలనిది) పెట్టమను. ట్రిగ్గర్ లాగినప్పుడు టక్కుమని ఖాళీ చప్పుడు వచ్చి, గొట్టం కొస కిందికి జారిందంటే అదే నీ భయం. కదలకుండా ఉంటే నువ్వు బాగున్నట్టు. రేంజ్‌లో చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా పేల్చవద్దు. నేను మొదట్లో నిర్లక్ష్యం చేశాను. నా ఎడమ చెవిలో ఇప్పటికీ రాత్రిపూట కీచురాళ్ళ చప్పుడు ఆగదు. కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ చెవి గొట్టం కొసకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దెబ్బ ముందు దానికే.

రెండో ప్రశ్న దుప్పి ఎంత పెద్దది అని. టెక్సస్‌లో నువ్వు వేటాడేది తెల్లతోక దుప్పి. హిల్ కంట్రీలో, అంటే మధ్య టెక్సస్ కొండ ప్రాంతంలో, మగది 45 నుంచి 60 కిలోలు తూగుతుంది, ఆడది ఇంకా తక్కువ. మన నల్లమలలో కనిపించే చుక్కల దుప్పి మగదాని కంటే చిన్నది. ఇదే తెల్లతోక జాతి మిషిగన్, మిన్నెసోటా లాంటి చలి రాష్ట్రాల్లో 100 కిలోలు దాటుతుంది. 180 గ్రెయిన్ ఉండాలని నీకు చెప్పినవాళ్ళు ఎక్కడ వేటాడతారో ఒకసారి అడిగి చూడు. కొలరాడోలో ఎల్క్‌కు (దుప్పి కంటే చాలా పెద్ద జంతువు) వెళ్ళేవాళ్ళు చెప్పే బరువు అది, వాళ్ళకు అది సరైనదే.

గ్రెయిన్ అంటే ఎంతో మనవాళ్ళకు తెలియదనుకుంటారు గానీ మనకు బాగా తెలిసిన కొలతే. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. బ్రిటిష్ కాలం నాటి వెండి రూపాయి బరువూ అంతే. మీ అవ్వ పెట్టెలో ఆ రూపాయి ఉంటే చేతిలో పెట్టుకుని చూడు, 180 గ్రెయిన్ గుండు అదే. 150 గ్రెయిన్లంటే అందులో ఆరో వంతు తగ్గుతుంది. కంసాలి లెక్కలో తులానికి 96 గురివింద గింజలు కాబట్టి ఇది 80 గింజల ఎత్తు. నీ ఫ్రెండ్ దగ్గర ఉన్న .243కు వేసే 100 గ్రెయిన్ గుండు ఆరున్నర గ్రాములు. గ్రెయిన్ అనేది ఒక్క గుండు బరువే, తూటా మొత్తం బరువు కాదు. పెట్టె మీద రాసిన అంకె కూడా గుండుదే.

ఒకే కాలిబర్‌లో, అంటే .308 లాంటి ఒకే రకం తూటాలో, గుండు బరువు పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. .308లో 150 గ్రెయిన్ గుండు సెకనుకు 2,820 అడుగుల వేగంతో బయలుదేరితే, 180 గ్రెయిన్ 2,620 అడుగులతో బయలుదేరుతుంది. బరువు గుండు లోతుకు దిగుతుంది. తేలిక గుండు తొందరగా విచ్చుకుంటుంది. దుప్పి గుండును పువ్వులా విచ్చుకునేలా తయారు చేస్తారు. తగిలిన తర్వాత ముక్కు పగిలి, అసలు వెడల్పుకు రెండింతలు అవ్వాలి. యాభై కిలోల దుప్పి పక్కటెముకల మధ్య మందం ఎంత? ఒక అడుగు లోపే. ఎల్క్ కోసం గట్టిగా చేసిన 180 గ్రెయిన్ గుండు ఆ కొంచెం మందంలో విచ్చుకునే లోపే అవతలికి దాటిపోవచ్చు. సన్నటి రంధ్రం పడుతుంది, దుప్పి చాలా దూరం పోతుంది, నెత్తురు జాడ తక్కువ. .308కి 150 అని అందరూ చెప్పేది ఇందుకే. .30-06 అయితే 150 గానీ 165 గానీ. .270కి 130. 7 ఎంఎం-08కి 140. 6.5 క్రీడ్‌మూర్‌కు 130 నుంచి 143 లోపు. .30-30 పాత లివర్ రైఫిల్ ఎవరైనా ఇస్తే 150 లేదా 170. దాంట్లో తూటాలు గొట్టం కింద ఉండే ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి కాబట్టి గట్టి మొన ఉన్న గుండు వేయకూడదు. వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు (దెబ్బ తగిలితే తూటాను పేల్చే భాగం) తగిలి లోపలే పేలే ప్రమాదం ఉంది.

మరి 6.5 క్రీడ్‌మూర్ గుండు సన్నగా ఉంటుంది కదా, .308 అంత పని చేస్తుందా అని నీకు అనుమానం రావచ్చు. ఒకే బరువు ఇనుముతో గడ్డపార, సుత్తి చేశారనుకో. నేలలోకి దిగేది గడ్డపారే. 140 గ్రెయిన్ల బరువు 6.5 మిల్లీమీటర్ల సన్నటి గుండులో ఉంటే అది పొడుగ్గా ఉంటుంది, గాలిని బాగా చీల్చుకుంటుంది, కండలోకి లోతుగా దిగుతుంది. 2007లో వచ్చిన ఈ కాలిబర్ ఇంత తొందరగా ఇంతమందికి నచ్చడానికి కారణం ఇదీ, తన్ను తక్కువ కావడమూ. దుప్పికి ఇది పూర్తిగా సరిపోతుంది.

బరువు కంటే గుండు తయారీ ముఖ్యమని నా నమ్మకం. ఫుల్ మెటల్ జాకెట్ గుండు, అంటే మొనతో సహా గట్టి లోహం తొడుగు ఉన్నది, దుప్పికి అస్సలు వాడకూడదు. అది విచ్చుకోదు, సూదిలా దూసుకుపోతుంది. చాలా రాష్ట్రాల్లో దుప్పికి అది నిషేధం కూడా. దానికి పూర్తిగా ఎదురు వైపున, కయోటీల లాంటి చిన్న జంతువుల కోసం చేసిన తేలిక గుండ్లు ఉంటాయి. .243లో 55, 58 గ్రెయిన్లవి ఇవే. అవి దుప్పి జబ్బ మీద తగిలితే పైపైనే చెల్లాచెదురై పెద్ద గాయం చేస్తాయి, లోపలికి దిగవు. నీ ఫ్రెండ్ .243 ఇస్తే తూటాల పెట్టె అడిగి చూడు. 95 లేదా 100 గ్రెయిన్ అని, సాఫ్ట్ పాయింట్ (మెత్తటి మొన, విచ్చుకునే రకం) అని ఉండాలి. లేకపోతే కొత్త పెట్టె నువ్వే కొను.

మాంసం పాప కూడా తింటుందన్నావు. అందుకని ఇంకో మాట. మామూలు గుండులో లోపల సీసం, పైన రాగి తొడుగు. విచ్చుకునేటప్పుడు సీసం కంటికి కనపడని రేణువులై గాయం చుట్టూ జానెడు దూరం, ఒక్కోసారి ఇంకా దూరం కూడా పోతుంది. ఎక్స్‌రే తీస్తే తెల్ల చుక్కల్లా కనిపిస్తుంది. చిన్నపిల్లలకూ గర్భిణులకూ సీసం కొంచెం కూడా మంచిది కాదు. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసం గుండ్లను పూర్తిగా ఆపేసింది. టెక్సస్‌లో ఆ నిషేధం లేదు గానీ, నీ ఇంట్లో పరిస్థితికి మొత్తం రాగితో చేసిన గుండు తీసుకోమని చెబుతాను. ధర ఎక్కువే, కానీ ఏడాదికి ఒకటో రెండో దుప్పులకు అది లెక్కలోకి రాదు. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడుగు పెరుగుతుంది, విచ్చుకోవడానికి వేగం కూడా కావాలి. అందుకని ఒక మెట్టు తక్కువ బరువు ఎంచుకోవాలి. .243కి 80, 85 గ్రెయిన్లు, 6.5కి 120, .308కి 130. ఇక్కడ 80 అన్నానని తేలిక సీసం గుండుతో కలిపేసుకోకు, రెండూ పూర్తిగా వేరు. సీసం గుండే వాడితే గాయం చుట్టూ మాంసం ధారాళంగా కోసి పారేయి, పిల్లకు పెట్టవద్దు.

దూరం గురించి ఎక్కువ టెన్షన్ పడవద్దు. టెక్సస్‌లో ఎక్కువమంది మొక్కజొన్న గింజలు చల్లే ఫీడర్ ఎదురుగా కట్టిన బ్లైండ్‌లో (దాక్కుని కూర్చునే చిన్న గది) కూర్చుని వేటాడతారు. గురి 80 నుంచి 150 గజాలు. దుప్పికి కనీసం 1,000 ఫుట్ పౌండ్లు చేరాలని పాతకాలపు లెక్క ఒకటుంది. .243లో 100 గ్రెయిన్ గుండు 200 గజాల దగ్గర కూడా 1,300 దాకా నిలబెట్టుకుంటుంది, .308లో 150 గ్రెయిన్ 1,700 దాకా. ఏదైనా చాలు. .308ని 100 గజాల దగ్గర రెండు అంగుళాలు పైకి తగిలేలా సరి చేసుకుంటే 200 గజాల దగ్గర సూటిగా తగులుతుంది. 300 దగ్గర తొమ్మిది అంగుళాలు కిందికి పోతుంది. మొదటి సీజన్‌లో 150 దాటితే తుపాకీ ఎత్తవద్దు.

దుప్పి పూర్తిగా పక్కకు తిరిగి ఉన్నప్పుడే పేల్చు. ముందు కాలి వెనక అంచు పట్టుకుని చూపును పైకి తీసుకుపో. ఒంటి మందంలో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆగు. గుండె, ఊపిరితిత్తులు అక్కడే. అన్నం పళ్ళెం కంటే చిన్నది ఆ చోటు, ఎనిమిది అంగుళాలు. తగిలాక వెంటనే పరిగెత్తకు. అరగంట కూర్చో. తర్వాత అది నిలబడ్డ చోట నెత్తురు చూడు. ఎర్రగా, నురుగుతో ఉంటే ఊపిరితిత్తులు, దగ్గరలోనే పడి ఉంటుంది. ముదురు రంగులో ఉంటే కార్జం, రెండు మూడు గంటలు ఆగాలి. పచ్చగా, వాసనగా ఉంటే పొట్ట. అప్పుడు కనీసం ఆరు గంటలు ఆగాలి, లేకపోతే భయపడి లేచి మైళ్ళ దూరం పోతుంది. నా మొదటిదాన్ని నేను పది నిమిషాల్లోనే తరిమాను. అది నా రెండో తప్పు.

నీకు ఇంకొక సంగతి ఎదురవుతుంది, దానికి సిద్ధంగా ఉండు. హిల్ కంట్రీలో కూర్చుని ఉండగా ఎదురుగా మన చుక్కల దుప్పి వచ్చి నిలబడుతుంది. అక్కడ దాన్ని యాక్సిస్ అంటారు. మన కృష్ణజింక కూడా కనిపిస్తుంది. రెండింటినీ 1930ల్లో తెచ్చి అక్కడ వదిలారు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. వాటికి సీజన్ లేదు, లైసెన్సూ భూమి యజమాని అనుమతీ ఉంటే ఏడాది పొడుగునా వేటాడొచ్చు. నేను చుక్కల దుప్పిని మొదటిసారి అక్కడ చూసినప్పుడు రైఫిల్ పక్కన పెట్టి ఊరికే చూస్తూ కూర్చున్నాను. దానికీ పైన చెప్పిన గుండ్లే సరిపోతాయి. దక్షిణ టెక్సస్‌లో మన మనుబోతు కూడా ఉంది, నీల్గాయ్ అంటారు. మగది 200 కిలోలు దాటుతుంది, చర్మం మందం, ప్రాణం గట్టిది. .300 మాగ్నమ్, 180 గ్రెయిన్ గట్టి గుండు అవసరమయ్యేది అక్కడ. అది నీ మొదటి వేట కాకూడదు.

ఇదంతా చదివి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఎవరైనా "వెలిగొండల్లోకి పోదామా" అంటే మాత్రం అక్కడికక్కడే వద్దని చెప్పు. మా తాత నాటు తుపాకీ కాలం పోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో దుప్పి వేట నేరం. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, మొదటి షెడ్యూల్‌లో ఉంది. దాన్ని చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. టెక్సస్‌లో లెక్క కట్టి, ట్యాగ్ ఇచ్చి వేటాడనిస్తారు. ఇక్కడ మిగిలినవే కొద్ది. ఇంకొకటి, వేటకు తీసుకెళ్ళిన బ్యాగును ఊరికి వచ్చేటప్పుడు వాడవద్దు. మూల జేబులో మరిచిపోయిన ఒక్క తూటా చెన్నై ఎయిర్‌పోర్టు స్కానింగ్‌లో బయటపడితే ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. అమ్మానాన్న బయట కారు దగ్గర ఎదురుచూస్తుంటే నువ్వు పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది.

ఇక నీకు నా సలహా. ఈ నవంబర్‌కు ఏ రైఫిలూ కొనవద్దు. లైసెన్స్ తీసుకుని, ఫ్రెండ్ దగ్గర .243 అడుగు. 80 లేదా 85 గ్రెయిన్ రాగి గుండు కొను. దొరక్కపోతే 100 గ్రెయిన్ సాఫ్ట్ పాయింట్. రెండు మూడు రకాలు తెచ్చి ఆ రైఫిల్‌కు ఏది పడుతుందో చూడు. ఒక్కో గొట్టానికి ఒక్కో తూటా పడుతుంది, ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. .243తో ఎముకల మీదికి, ఏటవాలుగా పేల్చవద్దు, పక్కకు తిరిగిన దాని ఊపిరితిత్తులకే గురి పెట్టు. సీజన్ అయ్యాక కూడా మనసు నిలబడితే అప్పుడు 6.5 క్రీడ్‌మూర్ గానీ 7 ఎంఎం-08 గానీ కొనుక్కో. నేను ఇన్నేళ్ళూ వాడింది 7 ఎంఎం-08, 140 గ్రెయిన్. కానీ తూటాలు ఏ చిన్న ఊళ్ళోనైనా దొరకాలంటే 6.5 సులువు. .308 కూడా తప్పేమీ లేదు, డమ్మీ తూటా పరీక్షలో గొట్టం కదలకపోతే.

రేంజ్‌కు ఆరేడు సార్లు వెళ్ళు. మొదట ఎవరిదైనా .22తో మొదలుపెట్టు, తన్ను ఉండదు, తూటా చవక. దుప్పి మీద మాత్రం .22 వాడకూడదు, టెక్సస్‌లో .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాలతో తెల్లతోక దుప్పిని కొట్టడం చట్టవిరుద్ధం. తర్వాత .243తో, బల్ల మీద ఇసుక సంచులు పెట్టుకుని కాకుండా, బ్లైండ్‌లో కూర్చున్నట్టే కుర్చీలో కూర్చుని, ఆరు అంగుళాల పేపర్ ప్లేటు మీద 100 గజాల నుంచి అయిదు తూటాలు పేల్చు. అక్టోబర్ చివరికి ఆ ప్లేటు ఫొటో నాకు పంపు. అయిదుకు అయిదూ లోపల ఉంటే వెళ్ళు. నాలుగే ఉంటే ఈ ఏడాది నీ ఫ్రెండ్ పక్కన కూర్చుని చూసి రా.